రంగూను నుండి మరలిన మనుమలు

వానను నమ్మిన సేద్యము కడుపు నింపజాలని కాలమున కోటబొమ్మాళి, టెక్కలి, ఉద్దానపు పల్లెలనుండి బయలుదేరి, బారువ, కళింగపట్నపు రేవులలో పొగయోడలెక్కి, రంగూను ఓడరేవునకును ధాన్యపు మిల్లులకును కూలికై తరలిన తెలుగువారిని బర్మీయులు కోరంగీలని పిలిచిరి. 1930 మే నెలలో కూలి పెంపునకై వీరు సమ్మె కట్టగా, బర్మీయులను పనిలో నియమించి, సమ్మె తీరినంతనే వారిని తొలగించిన యజమానుల నిర్వాకమున చెలరేగిన కల్లోలములో నూరుగురకు పైగా హతులైరి. ఆ రక్తపాతమునకు జాతివైరముకన్న లాభాపేక్షయే మూలమని నా తలంపు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడిన పిమ్మట లక్షలాది భారతీయులు అరణ్యపర్వతముల మీదుగా నడచి వచ్చిరి. అందు మార్గమధ్యముననే అసువులు బాసినవారు వేలు.

ఇక నేవిన్ సైనికప్రభుత్వము 1964లో దుకాణములను జాతీయము గావించి, ఏబది, నూరు క్యాట్ల నోట్లను రద్దు చేయుటతో, ఆ గడ్డననే పుట్టి, స్వగ్రామమును తాతల మాటలందు దక్క ఎరుగని తరమువారు సైతము రిక్తహస్తములతో ఓడలెక్కవలసివచ్చెను. ఐర్లండులో జన్మించిన తాతయో అవ్వయో కలవానికి, తాను ఎచట పుట్టినను, ఆ దేశపు పౌరసత్వము హక్కుగా లభించును. మన మనుమలకు మాత్రము పితృదేశము మొదట చూపినది శిబిరము. విశాఖపట్నమున కంచరపాలెపు బర్మా క్యాంపు నేటికిని ఆ పేరనే వ్యవహరింపబడుచున్నది.