ఐదింటికి మూసిన తలుపు

అమెరికా పౌరుడినయ్యాక తొలి బ్యాలెట్‌లో జడ్జీల పేర్లు, పక్కనే పార్టీలూ చూసి తెల్లబోయాను. టెక్సాస్‌లో నేరాలకు సంబంధించి ఆఖరి కోర్టు కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అపీల్స్. దాని తొమ్మిదిమంది జడ్జీలూ ఆరేళ్ళకోసారి ఓట్లడగాల్సిందే.

షారన్ కెల్లర్ మా డాలస్ మనిషే. ప్రాసిక్యూటర్‌గా పనిచేసి, 1994లో రిపబ్లికన్‌గా గెలిచి ఆ కోర్టులో తొలి మహిళా జడ్జి అయ్యారు. 2000లో ప్రిసైడింగ్ జడ్జిగా ఎన్నికయ్యారు.

2007 సెప్టెంబర్ 25 ఉదయం, విషపు ఇంజెక్షన్‌తో మరణశిక్ష అమలుచేసే పద్ధతిపై అమెరికా సుప్రీంకోర్టు ఓ కేసు విచారణకు తీసుకుంది. ఆ సాయంత్రమే మైకేల్ రిచర్డ్‌కి శిక్ష. పిటిషన్ కాస్త ఆలస్యమవుతుందని లాయర్లంటే, ఆఫీసు ఐదింటికి మూస్తారన్నారు కెల్లర్. ఆ రాత్రే అతని ప్రాణం పోయింది. తప్పు ఎక్కువగా లాయర్లదేనని విచారణ జరిపిన జడ్జి తేల్చారు. 2010లో కమిషన్ ఆవిడను హెచ్చరించింది; ప్రత్యేక కోర్టు ఆ హెచ్చరికను కొట్టేసింది.

2012లో, 2018లో జనం మళ్ళీ గెలిపించారు. 2024 ప్రైమరీలో మాత్రం ఓడారు. ఎన్నికల నేరాల కేసులు అటార్నీ జనరల్ సొంతంగా నడపలేరని 2021లో కోర్టు చెప్పింది. ఆయన ఆవిడపై ప్రచారానికి దిగాడు.

జడ్జి జనానికి జవాబు చెప్పాలనే కదా ఈ ఎన్నిక. చెప్పారు సరే, దేనికి?