ఇంటికి యోగ్యతాపత్రము

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో, పెద్ద చెరువునకు పేరొందిన ఇబ్రహీంపట్నము ఉన్నది. ఈ ప్రాంతపు పల్లెలలో పూర్వము మట్టిగోడల మిద్దెలు, పెంకుటిండ్లు ఉండేవి. మందమైన మట్టిగోడ, మిద్దెపై పరచిన మన్ను ఎండవేడిమిని త్వరగా లోనికి రానీయవు. ఆ ఇండ్లకు యోగ్యతాపత్రములు లేవు. అందులో నిద్రించువారి ఒళ్ళే పరీక్షాధికారి.

తరువాత సిమెంటు కప్పులు వచ్చినవి. అవి చెదలు పట్టవు, ఏటేట మన్ను వేయించుకొనవు. కాని పగలంతయు త్రాగిన వేడిని రాత్రివేళ గదిలోనికి విడుచును. దానిని తరుముటకు కరెంటు కావలెను. ఇల్లు కొనువానికి గోడరంగు కనిపించును గాని ఈ గుణము కనిపించదు. దానిని కొలిచి చెప్పుటయే ధ్రువీకరణము.

ఈ చరిత్రలో రంగారెడ్డి జిల్లాకు ఒక ముఖ్యస్థానము కలదు. హైటెక్ సిటీ చెంతనున్న సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనము 2003లో అమెరికావారి 'లీడ్' పద్ధతిలో ప్లాటినం శ్రేణిని పొందినది. అమెరికా వెలుపల ఆ శ్రేణి నందిన మొదటి భవనమిదే. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించినారు. గాలిగోపురములు, జాలీగోడలు, నడుమ ముంగిలి, కప్పుపై పచ్చిక — ఇవే దాని సాధనములు. వీనిలో పెక్కు మన పెద్దలెరిగినవే.

అది కార్యాలయము. నివాసముల వంతు ఆలస్యముగా వచ్చినది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టముననుసరించి 2002లో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడినది. 2006లో గృహోపకరణములకు నక్షత్రచిహ్నములు ప్రారంభమైనవి. 2018లో 'ఎకో నివాస్ సంహిత' వెలువడినది. ఆ తరువాత ఇండ్లకును నక్షత్రములు వచ్చినవి.

సంహిత ప్రకారము, లోపలి తాపమునకు బయటి తాపమునకు ఒక్క డిగ్రీ భేదమున్నపుడు, చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి ప్రవహించరాదు. ఏ పూతయు లేని కాంక్రీటు కప్పులో ఇది సుమారు మూడు రెట్లుండును.

అయితే 2018 సంహిత 500 చదరపు మీటర్లు, అనగా సుమారు 600 గజములు, అంతకు మించిన స్థలములను ఉద్దేశించినది. 2023 నాటి తెలంగాణ చల్లని కప్పుల విధానమును చిన్న ఇండ్లకు ఐచ్ఛికముగనే విడిచినది. నూటయేబది గజములలో ఇల్లు కట్టుకొనువాడు ఈ రెంటికిని వెలుపలివాడే. వేడి ఎక్కువగా బాధించునది వానినే. 2017లో హైదరాబాదులో 25 పేదయిండ్ల కప్పులపై తెల్లని పొర పరచి చూడగా లోపలి తాపము సగటున 2 డిగ్రీలు తగ్గినది. పత్రము రాకున్నను, ఆ శాస్త్రము చిన్నయింటికిని చెల్లును.