ఇంటి పన్ను, పాఠకుడి చిరునామా: పౌర గ్రంథాలయాల్లో స్థానికేతరుల సభ్యత్వం

పురపాలక సంఘం ఇచ్చే ఇంటి పన్ను నోటీసులో గ్రంథాలయ సెస్సు ఒక పద్దు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం, 1960 కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున దీన్ని వసూలు చేస్తారు. తెలంగాణలోనూ ఇదే పద్ధతి. ఏడాదికి 2,000 రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి గ్రంథాలయానికి రావలసింది 160 రూపాయలు. స్థానిక సంస్థ ఈ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి.

పన్ను స్థానికులది కాబట్టి పుస్తకమూ స్థానికులకేనన్న వాదన ఇక్కడే పుడుతుంది. ఆ వాదనను పైసలతో సహా లెక్కగట్టింది అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం. అక్కడ కొన్ని ప్రాంతాలు ఏ గ్రంథాలయ పరిధిలోకీ రావు. అక్కడివాళ్లకు పక్క ఊరి కార్డు కావాలంటే, ఆ ఊళ్లోనే ఇల్లుంటే ఎంత గ్రంథాలయ పన్ను కట్టేవారో దాదాపు అంత రుసుము ఏటా చెల్లించాలి. అద్దెకుండేవారికి నెల అద్దెలో 15 శాతం లెక్క వేస్తారు. అద్దెదారూ ఆస్తి పన్ను మోస్తున్నాడని ఆ సూత్రమే ఒప్పుకుంటోందన్నమాట. పేద విద్యార్థులకు కార్డు ఉచితం. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 1964 నాటి గ్రంథాలయాల చట్టం మరికాస్త ఉదారం: ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసేవారికీ, పూర్తికాలం చదువుకునేవారికీ పుస్తకాలు ఇవ్వాల్సిందే.

మన దగ్గర పఠన మందిరంలోకి వస్తే ఏ ఊరని ఎవరూ అడగరు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కీ, పోలీసు ఉద్యోగాలకీ చదివేవాళ్లు అధికంగా జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. సంచిలో సొంత పుస్తకాలే. గ్రంథాలయం వాళ్లకిచ్చేది కూర్చునే చోటు, ఫ్యాను గాలి. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే మాత్రం ధరావతు కట్టాలి, చిరునామా రుజువు చూపాలి. ధరావతు తిరిగొచ్చేదే. చిక్కల్లా ఆధార్ కార్డు మీదున్న సొంతూరితోనే. హాస్టల్ యజమాని కట్టే సెస్సు వీళ్ల మంచం అద్దెలోంచే వస్తున్నప్పుడు, వీళ్లను స్థానికేతరులనడం పన్ను లెక్కకైనా నిలవదు. (సెస్సు చట్టానికి పాతికేళ్ల ముందే, 1935లో, గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గుంటూరు ప్రాంతంలోని పెదవడ్లపూడి–కొల్లూరు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఊరి పొలిమేర అప్పుడే అడ్డం కాలేదు.)

బయటివాళ్లకు పుస్తకాలిస్తే సంస్థలు నష్టపోతాయన్న భయమూ అతిశయోక్తే. జిల్లా గ్రంథాలయ సంస్థల్ని నిజంగా కుంగదీస్తున్నవి, వసూలు చేసి కూడా స్థానిక సంస్థలు జమ చేయని సెస్సు బకాయిలు.

రాష్ట్రంలో ఏ ఊరి చిరునామా ఉన్న గుర్తింపు కార్డునైనా సభ్యత్వానికి అంగీకరించాలి. ఒక జిల్లా సభ్యత్వం మరో జిల్లాలో చెల్లాలి. బకాయిల జమకు ప్రభుత్వం ఏటా మార్చి 31ని గడువుగా పెట్టి, జిల్లాలవారీ లెక్కలు ప్రకటించాలి.