అడ్డపొగ

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చదివినవారికి గిరీశముచేతి చుట్ట గుర్తుండకపోదు. 1892లో ఆ నాటకము మొట్టమొదట ప్రదర్శింపబడిన విజయనగరమునకును తూర్పుసముద్రమునకును నడుమనున్న పల్లెలలోను, అచ్చటినుండి నాగావళిని దాటి కళింగపట్టణము, బారువల దాక సాగిన తీరముపొడవునను వేఱొక చుట్ట యుండెను. కాల్చువారి పెదవులవెలుపల దాని చల్లని కొనమాత్రమే కనబడెడిది, నిప్పు లోపల నుండెడిది. దీనినే అచ్చటివారు అడ్డపొగ యనిరి.

చుట్టను వెలిగించి, మండుచున్న కొనను నోటిలోనికి త్రిప్పుకొని, నాలుకకును అంగిటికిని తాకనీయక నడుమ నిలిపి, పెదవులు మూసి పొగ పీల్చుట యొక నేర్పు. ఎంగిలికి తడిసిన ఆకు మెల్లగా కాలును గావున ఒక్క చుట్టయే చాలసేపు వచ్చెడిది. పడవమీద గాలికిని వానకును నిప్పు ఆఱకుండుటకై బెస్తలు దీనిని కనిపెట్టిరని చెప్పువారు కలరు. సార్డీనియా ద్వీపమునను, కొలంబియా, పనామా, ఫిలిప్పీన్సు దేశములయందును ఇట్టి యలవాటు కనబడెను. మన తీరమున మాత్రము ఇది యింటింటికిని వ్యాపించి, పురుషులకంటె స్త్రీలకే సొత్తయ్యెను. ఊడ్పుచేలలో వంగినప్పుడు, చేపలగంప నెత్తికెత్తుకొన్నప్పుడు రెండు చేతులకును పని యుండును. నోటిలోని నిప్పునకు చేయి అక్కఱలేదు, ఒడిలోని బిడ్డపై నుసి రాలదు. తల్లిని చూచి కూతురు నేర్చెను. సారాను వ్యసనమనిన యిల్లే దీనిని అలవాటనెను.

తెల్లవాఱగనే చుట్టకై తడవుకొనుట, అది దొరకనినాడు పనిలో మనస్సు నిలువకుండుట, కారణములేని చిఱాకు, మానవలెనని తలచియు మానలేకుండుట, ఇవి మాదకద్రవ్యములకు లొంగినవారియందు వైద్యులు గుర్తించు లక్షణములే. పొగాకులోని నికొటిన్ చేయు పనియు నదియే. కాని ఊరంతయు ఒకే స్థితిలో నున్నప్పుడు రోగలక్షణము లోకరీతిగా తోచును. శరీరము చేయు హెచ్చరిక సయితము ఎవరును చూడని చోటనే పుట్టెను. మొదట అంగిలి తెల్లబాఱును. ఆ తెలుపునడుమ లాలాజలము స్రవించు సన్నని రంధ్రములు ఎఱ్ఱని చుక్కలై తేలును. కొందఱికి అంగిటి సహజవర్ణము అక్కడక్కడ తొలగి పాలిపోయిన మచ్చలు పడును. అటుపై ఎఱ్ఱని పొడలు, మానని పుండు. తొలిదశలలో సాధారణముగా నొప్పి యుండదు గావున, దినదినమును అన్నము తిను నోటిలో ఏమి జరుగుచున్నదో ఆ తల్లులకు తెలియకపోయెను. ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలి కలచివేయు విషయమిదియే.

ఆ మానని పుండు క్యాన్సరు కావచ్చును. గట్టి అంగిటికి క్యాన్సరు వచ్చుట ఇతరప్రాంతములలో అరుదు. 1945లో పరిశోధకులైన ఖానోల్కర్, సూర్యాబాయి గారలు దేశాచారములవలన కలుగు క్యాన్సరులను గూర్చి వ్రాయుచు, ధోవతికట్టువలనను, ఖైనీవలనను వచ్చువానితోపాటు చుట్టవలన వచ్చుదానినిగూడ పేర్కొనిరి. 1957లో గోవిందరెడ్డి, వి.కె. రావు గారలు కోస్తా ఆంధ్రమున అంగిటి క్యాన్సరునకు ఈ నిప్పే కారణమని ప్రకటించిరి. తరువాత బొంబాయిలోని టాటా ఫండమెంటల్ పరిశోధనసంస్థకు చెందిన దంతవైద్యులు శ్రీకాకుళము జిల్లాకు వచ్చిరి. వారు 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, నూటికి 40 మందికి పైగా అడ్డపొగ త్రాగువారని 1971లో ప్రకటించిరి. పట్టణపు వైద్యశాలకు రోగి వచ్చుదాక వేచియుండక, వైద్యుడే గడపయొద్దకు వచ్చి నోరు తెఱవుమని యడిగిన ఈ శ్రమను నేను గొప్పదిగా నెంచుదును.

అంతటితో వారు ఊరకుండలేదు. శ్రీకాకుళము, కేరళములోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడువారిని ఎన్నుకొని, ఏటేట వారి నోళ్లు చూచుచు, ఎదుట కూర్చుండి మాటలాడియు, చిత్రములు చూపియు, ఆ యలవాటును మానుడని బోధించిరి. ఆ ఫలితములు 1986లో లాన్సెట్ పత్రికయందు వెలువడెను. కొందఱు మానిరి, కొందఱు తగ్గించిరి, పెక్కుమంది రెండును చేయలేకపోయిరి. మానినవారి నోళ్లలో క్యాన్సరునకు ముందు వచ్చు మచ్చలు క్రొత్తగా పుట్టుట తగ్గెను.