దామెర్ల రామారావు, మన కొండలు, బొమ్మలు గీసేవాళ్ళ బతుకు

పెద్ద పోస్టే. రాత్రి స్టడీ అవర్ అయ్యాక తీరిగ్గా చదవండి.

మా హాస్టల్లో ఇంటర్ రెండో ఏడు తమ్ముడొకడున్నాడు. కొండరెడ్ల కుర్రాడు. పెన్సిల్ ఇస్తే చాలు, మనిషిని చూసి మనిషిలాగే దించేస్తాడు. వాడికి ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, అదే బీఎఫ్‌ఏ, చదవాలని ఉంది. వాళ్ళ మేనమామ వచ్చి "బొమ్మలు బువ్వ పెడతాయేంట్రా, డీఈడీ చెయ్, టీచరువి అవుతావు" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. మన ఇళ్ళల్లో డిగ్రీ మెట్టు ఎక్కేది మనమే మొదలు. ఆ మెట్టు మీద ఉద్యోగం కనపడకపోతే ఇంట్లోవాళ్ళకి భయమేస్తుంది. నేను చదివేది బీఏ హిస్టరీ కాబట్టి, ఈ గోదావరి ఒడ్డున బొమ్మలు నేర్చుకున్నవాళ్ళు తర్వాత ఏమయ్యారో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ మన కొండలే అడ్డం వచ్చాయి.

రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. పుష్కరాల రేవుకి వెళ్ళేవాళ్ళు వేలమంది, లోపలికి వెళ్ళేవాళ్ళు తక్కువ. రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. అప్పట్లో ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్. ఆయనకి బొమ్మలూ కవిత్వమూ అంటే ప్రాణం. చదువులో వెనకబడ్డ ఈ కుర్రాడి చేతిలో ఏముందో పసిగట్టింది ఆయనే. పట్టుబట్టి 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. 1920లో రామారావు అక్కడ చదువు ముగించి బయటికొచ్చాడు, ఫస్టు వచ్చాడు.

ఇక్కడ ఒక మాట. ఇంత ప్రతిభ ఉన్నవాడికి కూడా చెయ్యి పట్టుకుని బొంబాయి రైలెక్కించే మనిషి ఒకడు కావలసి వచ్చింది. కూల్డ్రే 1919లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆయన పదేళ్ళ ముందే వెళ్ళిపోయి ఉంటే రామారావు ఏ ఆఫీసులోనో గుమాస్తా అయ్యుండేవాడేమో, ఎవరికి తెలుసు.

బొంబాయిలో చదివినవాడు అక్కడే ఉండిపోవచ్చు. రామారావు గుజరాత్ వైపు, కాఠియావాడ్ వైపు తిరిగి బొమ్మలు వేసుకుని, ఊరికి తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగుడి కథ మీద వేసిన బొమ్మకి వైస్రాయ్ బహుమతి వచ్చింది. అప్పటి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఆయన వేసిన ప్రకృతి దృశ్యం ఒకటి కొనుక్కున్నాడు కూడా. అప్పుడు రామారావుకి పాతికేళ్ళు.

ఋష్యశృంగుడి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అంగదేశంలో వానల్లేవు. అడవిలో తండ్రి దగ్గర పెరిగిన ఒక కుర్రాడు పట్నంలో అడుగుపెడితే వాన పడుతుందని రాజుకి ఎవరో చెప్పారు. ఆ కుర్రాడు ఆడమనిషిని చూసి ఎరగడు. వేశ్యల్ని పంపించి, పళ్ళని చెప్పి మిఠాయిలు తినిపించి, మాయ చేసి తీసుకుపోయారు. వాన పడింది. బొమ్మని అందరూ అందం కోసం చూస్తారు, చూడాలి కూడా. నాకు మాత్రం పట్నానికి నీళ్ళు కావలసినప్పుడే అడవి కుర్రాడు గుర్తొచ్చాడు కదా అనిపించింది. పోలవరం ఎగువ నుంచి వచ్చిన వాళ్ళకి ఇంకెలా అనిపిస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. రామారావు వేసిన వాటిలో తూర్పు కనుమల్లో గోదావరి బొమ్మ ఒకటుంది. అంటే పాపికొండల వైపు, మన ఏరియా. ఆ బొమ్మ లండన్ వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకి వెళ్ళింది. ఆ ప్రదర్శన మొదలైంది 1924 ఏప్రిల్ 23న. సామ్రాజ్యం మొత్తం నుంచి సరుకులు, కళలు, చేతిపనులు తెచ్చి తెల్లవాళ్ళకి చూపించారు.

అది మొదలైన సరిగ్గా రెండు వారాలకి, 1924 మే 7న, కొయ్యూరు దగ్గర అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపారు. నెల తిరిగేసరికి గాం గంటందొర కూడా పోయాడు.

ప్రభుత్వం జయంతి జరిపే లెక్క ప్రకారం అల్లూరి పుట్టింది 1897 జూలై 4. రామారావు కంటే నాలుగు నెలలు చిన్న. అల్లూరి వాళ్ళ నాన్న రాజమండ్రిలో ఫొటోగ్రాఫరు. బొమ్మ పట్టే పని ఆ ఇంట్లోనూ ఉందన్నమాట. ఒకే ఏడు పుట్టిన ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరికీ ఈ ఊరితో సంబంధం. 1922లో ఒకాయనకి కలకత్తాలో బహుమతి. అదే ఏడు ఆగస్టు 22న రెండో ఆయన మన గూడెంవాళ్ళతో కలిసి చింతపల్లి స్టేషన్ మీద పడ్డాడు, తర్వాత కృష్ణదేవిపేట, ఆ తర్వాత రాజవొమ్మంగి. అడవి చట్టాలు పోడు ఆపేశాయి. రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వకుండా వెట్టి చేయించారు. తిరుగుబాటుకి కారణాలు మీకు నేను చెప్పక్కర్లేదు.

రామారావుని నిందించడానికి ఇదంతా రాయట్లేదు. ఆయన కొండల్ని ప్రేమగానే వేశాడు. కానీ అదే కొండల్లో ఒకవైపు పోలీసులు, మలబారు పటాలాలు తిరుగుతుంటే, వాటి బొమ్మ లండన్ గోడ మీద ప్రశాంతంగా వేలాడింది. రెండూ నిజమే. మన తాతలు బొమ్మ గీసే చోట లేరు, బొమ్మలో కనపడే చోట ఉన్నారు. నాకు గుచ్చుకున్నది అది.

రామారావు ఎక్కువ కాలం బతకలేదు. 1925 ఫిబ్రవరి 6న మశూచికంతో పోయాడు. ఇరవై ఎనిమిది కూడా నిండలేదు.

మరి ఆయన పెట్టిన స్కూలు? మూతపడలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం దాన్ని భుజాన వేసుకున్నాడు. 1963లో చనిపోయేదాకా ఆయన పని అదే, బొమ్మలు వెయ్యడం, నేర్పడం. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. వందేళ్ళ కిందట రాజమండ్రిలో ఆడవాళ్ళు రంగులు పట్టుకున్నారంటే చిన్న సంగతి కాదు, వాళ్ళ గురించి రాసేవాళ్ళే తక్కువ. వైస్రాయ్ బహుమతి అందరూ చెప్పుకుంటారు గానీ, నన్నడిగితే వెంకటరత్నంగారి బతుకు పెద్దది. స్నేహితుడి పేరు నిలబెట్టడానికి ముప్పై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పాడు.

కూల్డ్రే శిష్యుల్లో ఇంకొకాయన భీమవరం వైపు అడివి బాపిరాజు. ఈయన బతుకు చూస్తే మా తమ్ముడి మేనమామకి కూడా కొంచెం ధైర్యం వస్తుంది. రాజమండ్రిలో డిగ్రీ, మద్రాసులో లా. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర చిత్రకళ. తర్వాత అదే కళాశాలకి ప్రిన్సిపాల్. ‘నారాయణరావు’, ‘గోన గన్నారెడ్డి’ నవలలు రాసింది ఈయనే. సినిమాలకి కళాదర్శకుడు, హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకి ఎడిటర్. ఒక్క పనిలో కుదురుగా ఉండలేదని కొందరంటారు. నాకేమో బొమ్మ నేర్చుకున్న చెయ్యి ఎన్ని పనులకి పనికొస్తుందో అందులో కనపడింది.

తర్వాతి తరంలో చదువు యూనివర్సిటీల్లోకి వచ్చింది. మెదక్ జిల్లా నిజాంపూర్ అనే పల్లె నుంచి లక్ష్మాగౌడ్ హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి, అక్కణ్ణుంచి బరోడాకి వెళ్ళాడు. ఎచింగ్‌లో పేరు తెచ్చుకుని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, 2016లో పద్మశ్రీ. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి వాడు తోట వైకుంఠం. ఆయన కూడా హైదరాబాదు, బరోడా. ‘దాసి’ సినిమాకి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తీసుకున్నాడు. వీళ్ళిద్దరూ ఊళ్ళో చూసిన మనుషుల్నే జీవితమంతా వేశారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నల్లటి ఒళ్ళు. కాలేజీకి వెళ్ళి ఊరిని మర్చిపోలేదు, కాలేజీ వల్ల ఊరిని ఎలా వెయ్యాలో నేర్చుకున్నారు.

ఇన్ని పేర్లు చదివాను, మన ఇంటిపేరు ఒక్కటి కూడా నాకు తగల్లేదు. అలాగని మనకి బొమ్మ లేదా? కోయల వేల్పుల పండగల్లో పడిగె విప్పుతారు కదా. మూడు మూలల గుడ్డ మీద వంశం కథ అంతా బొమ్మల్లో ఉంటుంది, దాన్ని చూపిస్తూ డోలివాళ్ళు కథ చెప్తారు. సవరలు గోడ మీద తెల్లని పిండితో వేల్పులకి బొమ్మలు వేస్తారు. దాన్ని మనం ఆచారం అన్నాం, బయటివాళ్ళు కళ అన్నారు, అంతే తేడా.

ఆ తేడా దాటినవాడు జంగఢ్ సింగ్ శ్యామ్. మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్ గోండు కుర్రాడు, కూలి పని చేసుకునేవాడు. డిగ్రీ లేదు. ఇంటి గోడ మీద ఆయన వేసిన బొమ్మ భోపాల్ భారత్ భవన్ వాళ్ళ కంట పడింది. స్వామినాథన్ అనే చిత్రకారుడు ఆయన్ని పట్నం తీసుకొచ్చాడు. మళ్ళీ ఒక కూల్డ్రే కావలసి వచ్చింది, చూశారా. 1989లో పారిస్‌లో ప్రపంచం నలుమూలల కళాకారులతో పెట్టిన ప్రదర్శనలో జంగఢ్ బొమ్మలు ఉన్నాయి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం పనిచేస్తూ, ఇంటికి దూరంగా చనిపోయాడు, నలభై నిండలేదు. పేరొస్తే సరిపోదు, పక్కన మనవాళ్ళుండాలి అని ఆ చావు గురించి చదివినప్పుడు అనిపించింది. ఆయన వెనకాలే భజ్జూ శ్యామ్‌కి 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంటింటికీ చిత్రకారులే.

తమ్ముడి సంగతి. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉంది, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ కోసమే యూనివర్సిటీ ఉంది, నాలుగేళ్ళ కోర్సు. మనకి ఎస్టీ కోటా ఆరు శాతం ఉంది. సీటు కంటే ముందు రంగులు, కాగితాల ఖర్చే పెద్ద బెంగ, స్కాలర్‌షిప్ డబ్బు పడేదాకా ఎవరు పెట్టుకుంటారు? డ్రాయింగ్ టీచర్, యానిమేషన్, సినిమా సెట్లు, పుస్తకాల బొమ్మలు, ఇవీ పనులు. జీతం మొదట్లో తక్కువే ఉండొచ్చు, దాచి చెప్పను. అన్నీ మేనమామకి కాగితం మీద రాసి ఇచ్చాం. "సరే, ఎంట్రన్స్ రాయనీ" అన్నాడు.

ఈలోగా వాడు ఒక పని పెట్టుకున్నాడు. కాఫర్ డ్యామ్ వచ్చాక దేవీపట్నం మండలంలో ఖాళీ అయిన ఊళ్ళని, అక్కడి ముసలాళ్ళు చెప్తుంటే విని గీస్తున్నాడు. చింతచెట్టు ఎక్కడ, ముత్యాలమ్మ గుడి ఎక్కడ, ఎవరి ఇల్లు ఎటు తిరిగి ఉండేది, అలాగ. ఇప్పటికి మూడు ఊళ్ళు అయ్యాయి. మీ దగ్గర పాత ఫొటోలుంటే, పడిగె ఫొటోలున్నా సరే, కామెంట్లో పెట్టండి. పెద్దవాళ్ళని అడిగి ఊరి పేరు, ఎవరి ఇల్లు అన్నది కూడా రాయండి.