సీపీకే పరీక్షకు, సెలైన్ చికిత్సకు మూలాలు

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే మహబూబాబాద్ జిల్లా మరిపెడ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో కుర్రకారు పరుగు సాధన మొదలుపెడతారు. 2022 నియామకాల్లో మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు పెట్టారు. అలవాటు లేని ఒంటిని ఎండలో ఒక్కసారిగా శక్తికి మించి శ్రమపెడితే కండర కణాలు చితికిపోతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూత్రం డికాషన్ రంగుకు మారుతుంది. దీన్నే డాక్టర్లు రాబ్డోమయోలైసిస్ అంటారు.

దీని గుట్టు బయటపడింది రెండో ప్రపంచ యుద్ధంలో. లండన్ మీద బాంబులు పడ్డప్పుడు శిథిలాల కింద గంటల తరబడి నలిగినవాళ్లు ప్రాణాలతో బయటికొచ్చి కూడా, మూత్రం తగ్గిపోయి రోజుల్లోనే చనిపోయారు. బైవాటర్స్, బీల్ అనే డాక్టర్లు అలాంటి నలుగురి కథను 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. కారణం మయోగ్లోబిన్ అని కొన్నేళ్లకు బైవాటర్సే తేల్చారు. 1982లో లెబనాన్‌లో ఒక భవనం కూలినప్పుడు, బాధితులను బయటికి తీస్తుండగానే డాక్టర్లు సెలైన్ ఎక్కించారు. అలా చికిత్స అందినవాళ్లలో ఎవరికీ కిడ్నీలు పాడవలేదు. ఆలస్యం చేయకుండా సెలైన్ పెట్టాలన్న సూత్రానికి అప్పటినుంచే బలం వచ్చింది.

జబ్బును పసిగట్టే సీపీకే పరీక్ష మూలంలో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరానికి తక్షణ శక్తినిచ్చే నిల్వ అది. దాని మీద పనిచేసే ఎంజైమే సీపీకే. కండర క్షీణత జబ్బు ఉన్నవారి రక్తంలో అది పెరుగుతుందని 1959లో జపాన్ శాస్త్రవేత్త ఎబాషి బృందం చూపింది. మామూలుగా వందల్లో ఉండే ఆ అంకె రాబ్డోమయోలైసిస్‌లో వేలు, ఒక్కోసారి లక్ష కూడా దాటుతుంది.

చికిత్సలో మొదటిది నార్మల్ సెలైన్. గంటకు 200 నుంచి 300 మిల్లీలీటర్ల మూత్రం వచ్చేలా ఎక్కిస్తారు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది కాబట్టి దాన్ని కనిపెట్టుకుని ఉంటారు. కిడ్నీలు మొరాయిస్తే డయాలసిస్ చేస్తారు. వేళకు వస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. సీపీకే మామూలు స్థాయికి దిగాక ముందు నడక, తర్వాత తేలికపాటి వ్యాయామం, వారాలు గడిచాకే పరుగు.

గ్రౌండ్‌కు వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒళ్లు విపరీతంగా నొప్పి పుట్టి మూత్రం నల్లబడితే నొప్పుల సూది వేయించుకుని పడుకోకండి. ఆ మందులు కిడ్నీలకు మరింత చేటు. అదే రోజు మహబూబాబాద్ ఆసుపత్రికో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో వెళ్లి సీపీకే పరీక్ష అడగండి.