ఎగురుట వేరు, ఎగురుట నేర్పుట వేరు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల విద్యార్థులలో విమానము నడుపవలెనని కలలు గనువారు కొందరైనను ఉందురు. బాపట్ల చెంత సముద్రతీరమున, సూర్యలంకలో, భారత వైమానిక దళ కేంద్రమొకటి కలదు. అయితే అది క్షిపణులను ప్రయోగించి చూచు స్థలము. అచట విమానము నడుపుట నేర్పరు. తెలుగువారికి దగ్గరలో ఆ విద్యకు సంబంధించిన బడులున్నవి. హైదరాబాదు సమీపమున దుండిగల్‌లో కేడెట్లు విమానము నడుపుట నేర్చుకొందురు. చెన్నై ప్రక్కన తాంబరములో, ఆ కేడెట్లకు నేర్పవలసిన గురువులు నేర్చుకొందురు.

గురువులకు వేరొక బడి ఎందుకు? బాగుగా ఎగురగలవాడు బాగుగా నేర్పలేడా? ఎందరో యువకుల ప్రాణములు పోయిన తరువాతనే ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరికినది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనప్పుడు బ్రిటనునకు వైమానికులు అత్యవసరమైరి. వారికి నేర్పుటకు నియమితులైనవారిలో కొందరు యుద్ధమున అలసి తిరిగివచ్చినవారు; మరికొందరు నిన్నమొన్న తామే నేర్చుకొన్నవారు. నేర్పుట ఎట్లో వారికెవ్వరును చెప్పలేదు. శిష్యుని చేతికి విమానమును అప్పగించుటకు పలువురు జంకెడివారు. శత్రువును చూడకమునుపే, శిక్షణలోనే మరణించిన యువకులు అనేకులు.

ఈ స్థితిని మార్చినవాడు రాబర్ట్ స్మిత్-బారీ అను బ్రిటిష్ వైమానికుడు. 1916లో ఆయన ఫ్రాన్సునందు 60వ స్క్వాడ్రనునకు నాయకుడుగా నుండెను. తన వద్దకు వచ్చు కొత్తవారి అరకొర శిక్షణ చూచి, ఈ పద్ధతి మారవలెనని పై అధికారులకు లేఖలు వ్రాసెను. తుదకు ఇంగ్లండులోని గాస్‌పోర్టున ఒక శిక్షణ దళమును వారు ఆయనకే అప్పగించిరి. 1917లో అచట ప్రత్యేక విమాన శిక్షణాలయము ఏర్పడెను. గురువులను తయారుచేయుటయే దాని పని.

ఆయన పద్ధతిలో ముఖ్యాంశములు మూడు. మొదటిది, ఇద్దరికిని వేర్వేరు నియంత్రణలు గల ఆవ్రో 504 విమానము. రెండవది, ఇంజను హోరులో గురువు మాట శిష్యుని చెవి చేరుటకు అమర్చిన గొట్టము. దానికి గాస్‌పోర్టు గొట్టమని పేరు వచ్చినది. మూడవది అన్నిటికంటె ముఖ్యము: ప్రమాదకర పరిస్థితులను శిష్యునకు దాచక, వానినుండి బయటపడుట నేర్పవలెను.

ఉదాహరణకు స్పిన్ అను స్థితిని చూడుడు. రెక్క గాలిని ఎదుర్కొను కోణము ఒక హద్దు దాటినప్పుడు రెక్కపై గాలి ప్రవాహము చెదరిపోవును; విమానమును పైకెత్తు బలము తగ్గును. ఒక రెక్క రెండవదానికంటె ఎక్కువగా పట్టుతప్పినచో విమానము గిరగిర తిరుగుచు క్రిందికి పడును. భయపడినవాడు సహజముగా స్టిక్కును తనవైపు లాగును. దానితో కోణము తగ్గదు, విమానము కోలుకొనదు. సాధారణముగా చేయవలసినది ఇంజను జోరు తగ్గించుట, తిరుగుడుకు ఎదురు దిక్కుగా చుక్కానిని త్రొక్కుట, పిమ్మట స్టిక్కును ముందుకు నెట్టుట. నేల పైకి వచ్చుచున్నట్లు కనపడుచుండగా స్టిక్కును ముందుకు నెట్టుటకు మనసొప్పదు. కావున తగినంత ఎత్తున, గురువు తోడుండగా, దీనిని పలుమార్లు చేయించవలెను. తానే జంకు గురువు ఈ ధైర్యమును శిష్యునకు ఈయలేడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ విద్య తెలుగు నేలపై సాగినది. హైదరాబాదులోని బేగంపేటలో 1వ ప్రాథమిక విమాన శిక్షణాలయము టైగర్ మాత్ విమానములతో నడిచెను. అందు గురువు ముందు ఆసనమునను, శిష్యుడు వెనుక ఆసనమునను కూర్చుండెడివారు. గురువునకు శిష్యుని చేతులు కనపడవు. స్టిక్కు కదలికనుబట్టియే శిష్యుని భయమును, తొందరపాటును గుర్తించవలెను.

1948 ఏప్రిల్ నెల మన కథలో గుర్తుంచుకొనదగినది. ఆ నెల 1వ తేదీన అంబాలాలో భారత వైమానిక దళపు విమాన శిక్షకుల పాఠశాల ఆరంభమైనది. 1954లో అది తాంబరమునకు మారెను. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వైమానికుల లైసెన్సులకు తన మొదటి ప్రమాణములను ఆమోదించినదియు ఆ ఏప్రిల్‌లోనే. నేషనల్ కేడెట్ కోర్ చట్టము వచ్చినదియు ఆ నెలలోనే. కోర్ వైమానిక విభాగము 1950 ఏప్రిల్ 1న బొంబాయి, కలకత్తాలలో మొదలయ్యెను.

పౌర విమానయానమున శిక్షకునకు ఉండవలసిన యోగ్యతలు నేటి అంతర్జాతీయ ప్రమాణములలో స్పష్టముగా నున్నవి. వాణిజ్య వైమానికునకు కావలసిన జ్ఞానము, అనుభవము ముందుగా ఉండవలెను. ఆ అనుభవము 200 గంటల ప్రయాణము. గుర్తింపు పొందిన పాఠ్యక్రమమున నేర్చినచో 150 గంటలు. కాని దానితో సరిపోదు. మనిషి ఎట్లు నేర్చుకొనునో తెలియవలెను. పాఠము సిద్ధపరచుట, శిష్యుని పరీక్షించుట, పొరపాటును గుర్తించి దిద్దుట తెలియవలెను. ఇంజను ఆగినట్లు నటించి అభ్యాసము చేయించునప్పుడు ఆ నటనలోనే దాగియున్న అపాయమును ఎరుగవలెను. వీనిని మరొక శిక్షకుని పర్యవేక్షణలో, గాలిలో అభ్యసించి చూపవలెను.

ఇచట ఉపాధ్యాయులు ఒక భేదమును గమనింపవలెను. పాఠశాలలో కేడెట్లను నడపు ఎన్.సి.సి. అనుబంధ అధికారి సాధారణముగా అచటి ఉపాధ్యాయుడే. పురుషులు నాగపూరు దగ్గరి కాంప్టీలోను, స్త్రీలు గ్వాలియరులోను శిక్షణ పొందుదురు. వైమానిక విభాగమున వారు కవాతు, విమాన సూత్రములు, నమూనా విమానముల తయారీ నేర్పవచ్చును. కేడెట్‌ను చిన్న విమానమున గాలిలోనికి తీసికొనిపోవు పని మాత్రము వైమానిక దళమునుండి వచ్చిన వైమానికునిది. ఇది హోదాకు సంబంధించిన భేదము కాదు. ఎవరి యోగ్యత ఎంతవరకో అంతవరకే వారి అధికారము.

ఇంత జాగ్రత్త తీసికొన్నను అపాయము పూర్తిగా తొలగిపోదు. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో హెచ్.పి.టి.-32 శిక్షణ విమానము కూలి ఇద్దరు శిక్షకులు మరణించిరి. పిమ్మట ఆ రకపు విమానములను నిలిపివేసిరి. వాని స్థానమున 2013లో పిలాటస్ పి.సి.-7 విమానములు దుండిగల్‌కు వచ్చినవి. వీనిలో శిష్యుడు ముందు, గురువు వెనుక కూర్చుందురు. 2023 డిసెంబరు 4న ఇట్టి విమానమే అదే జిల్లాలోని తూప్రాను దగ్గర కూలి, శిక్షకుడును కేడెట్‌ను కలసి మరణించిరి.

విమాన శిక్షకుడు తన శిష్యుని పొరపాటులో తానును పాలుపంచుకొనును. ఎంతవరకు పొరపడనీయవలెనో, ఏ క్షణమున స్టిక్కును తన చేతికి తీసికొనవలెనో అతడు తెలిసియుండవలెను. ముందే అందుకొన్నచో శిష్యుడు నేర్చుకొనడు. ఆలస్యమైనచో ఇద్దరును దక్కరు. ఈ తూకము తెలియుటయే అతని అసలు యోగ్యత. నేలపై పాఠము చెప్పువారికిని ఇది తెలియని విషయము కాదు. అయితే తరగతిలో విద్యార్థి తప్పును రేపు దిద్దవచ్చును. గాలిలో ఆ రేపు ఉండదు.